ఇంటి చదువుకు ఏడాది ప్లాన్: ముందు క్యాలెండర్, ఆ తర్వాతే పుస్తకాలు

హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టే తల్లిదండ్రులు చాలామంది ముందు పుస్తకాలు కొంటారు. ఆ తర్వాత స్కూల్లో ఉన్నట్టే ఎనిమిది పీరియడ్ల టైంటేబుల్ గీసి ఫ్రిజ్ మీద అంటిస్తారు. జూన్‌లో అది బాగానే నడుస్తుంది. శ్రావణమాసం పెళ్లిళ్లు మొదలయ్యేసరికి ఒక మూల ఊడి వేలాడుతుంటుంది. ఆ కాగితంలో సబ్జెక్టులన్నీ ఉన్నాయి. ఆ ఇంటికి ఎవరెప్పుడు వస్తారు, వంట ఎప్పుడు, జ్వరాలు ఎప్పుడు, ఊరికి ఎప్పుడు వెళ్తారు అన్నదే లేదు.

అందుకని ఇక్కడ చెప్పే పద్ధతిలో వరస తిరగేసి ఉంటుంది. ముందు ఇంటి ఏడాది ఎలా నడుస్తుందో చూసుకుంటాం, తర్వాత పిల్లలు నిజంగా ఎక్కడున్నారో చూస్తాం. పుస్తకాలు, సిలబస్ ఆ తర్వాతే. ఉదాహరణకి హైదరాబాద్‌లో ఒక ఇల్లు అనుకుందాం: పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు, ఉద్యోగానికి వెళ్లే నాన్న, ఇంటి దగ్గరుండి చదివించే అమ్మ, అప్పుడప్పుడు వచ్చి కొన్ని నెలలుండే అమ్మమ్మ. మీ ఇంట్లో మనుషులు వేరే అయినా లెక్క వేసే తీరు మారదు.

ముందు కాగితాలు

ఇది ఒక్క పూట పని. చేసేసి పక్కన పెట్టండి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. హోమ్‌స్కూలింగ్ గురించి అందులో ఒక్క మాట లేదు. ఒప్పుకున్నదీ లేదు, నిషేధించిందీ లేదు. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెబుతుంది, కానీ చేర్పించకపోతే శిక్ష ఏమిటో రాయలేదు. మన దగ్గర ఇంట్లో చదివించే కుటుంబాలన్నీ ఈ మధ్య స్థితిలోనే ఉన్నాయి. ఈ సంగతి తెలిసే దిగండి. అదే చట్టంలోని 4వ సెక్షన్ మీకు పనికొస్తుంది: బడి మధ్యలో ఆగిపోయిన పిల్లలు తిరిగి చేరితే వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని చెప్పేది అదే.

పిల్లలు ఇప్పటిదాకా బడికి వెళ్లి ఉంటే టీసీ, ప్రోగ్రెస్ కార్డులు తీసుకోండి. యూడైస్‌లో, అంటే బడుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో, ఒక్కో బిడ్డకు ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య (పెన్ నంబరు) అడిగి రాసుకోండి. మళ్లీ బడిలో చేర్చాలన్నా, పరీక్షకు కట్టాలన్నా ఆ నంబరు చేతిలో ఉంటే తిరుగుడు తగ్గుతుంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్టు, ఆధార్ రెండిట్లోనూ పేరు స్పెల్లింగు ఒకేలా ఉందో లేదో చూడండి. లేకపోతే ఇప్పుడే సరిచేయించండి, పదో తరగతి ఫీజు కట్టే రోజున కాదు.

క్యాలెండర్ మీద పని

గోడకు తగిలించే తెలుగు క్యాలెండర్ తెచ్చుకోండి, మాసాలు, తిథులు ఉన్నది. ఫోన్ క్యాలెండర్ చాలదు. ఆషాఢం ఎప్పుడు మొదలవుతుందో అది చెప్పదు, మనకు కావలసింది అదే.

ఏడాదిని మూడు టర్ములుగా విడగొట్టండి. జూన్ మధ్య నుంచి దసరా దాకా ఒకటి, దసరా నుంచి సంక్రాంతి దాకా ఒకటి, సంక్రాంతి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఒకటి. రెండు రాష్ట్రాల్లోనూ బడులు జూన్ 12 ప్రాంతంలో తెరిచి, దసరాకీ సంక్రాంతికీ పెద్ద సెలవులిస్తాయి. మీరూ అలాగే ఇస్తే పక్కింటి పిల్లలు సందులో క్రికెట్ ఆడుతున్నప్పుడు మీ వాళ్లను లెక్కల ముందు కూర్చోబెట్టే గొడవ ఉండదు. ఎండాకాలం కూడా చదివిస్తే సిలబస్ త్వరగా అయిపోతుంది కదా అనేవాళ్లున్నారు. నా మాట వినండి, మే నెల వదిలేయండి. రోహిణి కార్తె ఎండల్లో, ఆవకాయ జాడీల మధ్య, అమ్మమ్మ ఊరి ప్రయాణాల మధ్య కొత్త పాఠం ఎక్కదు. కథల పుస్తకాలు చేతికందేలా పెట్టండి, చాలు.

ఇప్పుడు వారాలు లెక్కపెట్టాలి. పండగలు ఏటా ఒకే తేదీకి రావు కాబట్టి పోయినేటి లెక్క ఈ ఏడు పనికిరాదు. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో పండగలన్నీ వెనక్కి జరిగి, దసరా అక్టోబరు 20కి పోయింది. అంటే 2026-27లో మొదటి టర్ము పొడుగ్గా, రెండోది పొట్టిగా ఉంటాయి. జూన్ 15 సోమవారం నుంచి అక్టోబరు 9 దాకా 17 వారాలు. అక్టోబరు 26 నుంచి జనవరి 8 దాకా 11 వారాలు. జనవరి 18 నుంచి ఏప్రిల్ మధ్య దాకా 13 వారాలు. మొత్తం 41.

ఈ 41 వారాలకూ పాఠాలు రాసుకుంటే ప్లాన్ అక్కడే చచ్చిపోతుంది. ఇలా పంచండి: మొదటి టర్ములో 13 వారాలు పాఠాలకు, 3 వారాలు ఖాళీ, చివరి వారం పాతవి తిరగేయడానికి. రెండో టర్ములో 8, 2, 1. మూడో టర్ములో 10, 2, 1. మొత్తం 31 వారాలు పాఠాలు, 7 వారాలు ఖాళీ, 3 వారాలు పునశ్చరణ. ఆ ఏడు వారాలూ వృథా అనిపిస్తే ఒక్కసారి పోయిన ఏడాది మీ ఇంట్లో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని జ్వరాలు, ఎన్నిసార్లు చుట్టాలు, ఎన్ని రిపేర్లు వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి.

ఖాళీ వారాలు ఎక్కడ పెట్టాలో తెలుగు మాసాలే చెబుతాయి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. 2026లో అది జూలై మధ్య నుంచి ఆగస్టు 12 దాకా. కష్టమైన పాఠాలన్నీ అక్కడికి జరపండి. (హైదరాబాద్‌లో బోనాలు ఈ నెలలోనే అయినా ఆదివారాలు కాబట్టి చదువుకు పెద్ద అడ్డు రాదు.) డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, అప్పుడూ ముహూర్తాలుండవు, చల్లగా ఉంటుంది, ఏడాది మొత్తంలో పిల్లలు బాగా కూర్చునే వారాలివి. శ్రావణం అలా కాదు. ఆగస్టు 13 నుంచి సెప్టెంబరు 11 దాకా పెళ్లిళ్లు, నోములు, వరలక్ష్మీ వ్రతం, దాని వెంటే వినాయక చవితి. పైగా వైరల్ జ్వరాల కాలం. మొదటి టర్ము ఖాళీ వారాల్లో రెండు ఇక్కడే పెట్టండి. మూడో టర్ములో మాఘమాసం ఫిబ్రవరి 7 నుంచి మార్చి 8 దాకా, మళ్లీ పెళ్లిళ్లు. అక్కడ ఒకటి.

ఖాళీ వారంలో ఏం చేయాలో ముందే రాయకండి. రాస్తే అది ఖాళీ కాదు. ఏ అవాంతరమూ రాకపోతే వెనకబడ్డ పాఠం పూర్తిచేయండి, అదీ లేకపోతే పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లండి.

పిల్లలు ఎక్కడున్నారో చూడటం

జూన్‌లో టర్ము మొదలయ్యే ముందున్న రెండు వారాలు దీనికి పెట్టుకోండి, కొత్త పాఠం మొదలుపెట్టకండి. మార్కులు వేసే పరీక్ష కూడా వద్దు, పిల్లలకూ మీకూ టెన్షన్. పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది.

తెలుగు కథ ఒకటి పైకి చదివించండి. ఎక్కడ తడబడుతున్నారో వినండి: ఒత్తుల దగ్గరా, సంయుక్తాక్షరాల దగ్గరా, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోవడంలోనా? పది పంక్తులు చెప్పి రాయించండి. ఇంగ్లిషు మీడియం నుంచి వచ్చిన పిల్లలైతే ఇక్కడ ఆశ్చర్యపోవడానికి సిద్ధంగా ఉండండి. ఇంట్లో గలగలా మాట్లాడతారు కాబట్టి చదవడం వచ్చనే అనుకుంటాం. పదకొండేళ్ల పాప లెక్కల్లో ఐదో తరగతి, ఇంగ్లిషు చదవడంలో ఏడో తరగతి, తెలుగు రాయడంలో రెండో తరగతి స్థాయిలో ఉండటం చాలా మామూలు సంగతి. ఇంటి చదువులో ఇదొక సుఖం, మూడు సబ్జెక్టులకు మూడు వేర్వేరు తరగతుల పుస్తకాలు పట్టుకోవచ్చు, ఎవరూ నవ్వరు.

లెక్కలకు రెండేళ్ల వెనకటి పుస్తకం తీసి, ప్రతి పాఠం చివరి అభ్యాసం నుంచి రెండేసి లెక్కలు ఇవ్వండి. ఎక్కాలు వరసగా కాక అక్కడక్కడ అడగండి. ‘ఏడెనిమిదులు?’ అంటే మొదట్నుంచి పాడుకుంటూ వస్తున్నారా, వెంటనే చెబుతున్నారా చూడండి. అప్పు తెచ్చుకునే తీసివేతలు, పొడవు భాగహారాలు, భిన్నాలు ఈ మూడింటి దగ్గరే ఎక్కువమంది ఆగుతారు.

ఇదంతా అయ్యాక ఒక్కో బిడ్డకు నాలుగు వాక్యాలు రాయండి, ఏప్రిల్‌కల్లా ఏమేం రావాలో. ‘తెలుగు మెరుగుపడాలి’ అని రాస్తే ఏప్రిల్‌లో వచ్చిందో రాలేదో చెప్పలేరు. ‘బాబు ఇరవై పేజీల తెలుగు కథ ఎవరి సాయమూ లేకుండా చదవాలి’, ‘మూడంకెల తీసివేతలు తప్పు లేకుండా చేయాలి’, ‘పాప భిన్నాలు కూడటం, తీసివేయడం, దశాంశాల్లోకి మార్చడం చేయాలి’, ‘తను చూసిన చోటు గురించి తెలుగులో ఒక పేజీ రాయాలి’. ఇలా. ఇద్దరివీ కలిపి ఒక కాగితానికి ఒకవైపు పట్టాలి. పట్టకపోతే కొట్టేయండి. ఏడాది ప్లాన్‌లో అన్నిటికన్నా కష్టమైన పని ఈ కొట్టివేతే. కోడింగ్, అబాకస్, ఫ్రెంచి, కర్ణాటక సంగీతం, చదరంగం, అన్నీ ఒకే ఏడాది మొదలుపెట్టాలని ఉంటుంది. అందులో ఒక్కటి ఉంచుకోండి.

పుస్తకాన్ని వారాల్లోకి దించడం

పుస్తకాలకు పెద్ద ఖర్చక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆ సంస్థ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ అంతే. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లిషులో సైన్సు చెప్పడానికి కాస్త బెరుకున్న తల్లిదండ్రులకు ఇంతకన్నా మంచి సాయం లేదు. మీరు తెలుగు పేజీ చదువుకుని చెప్పండి, పాప ఇంగ్లిషు పేజీ చదువుతుంది. తెలుగు కథలకు స్టోరీవీవర్ సైట్లో ఉచితంగా బోలెడు ఉన్నాయి, అచ్చు పుస్తకాలు కావాలంటే ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థవీ, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవీ తక్కువ ధరకే వస్తాయి. సబ్జెక్టుకు ఒక్క పుస్తకమే పెట్టుకోండి. రెండో గైడు, మూడో వర్క్‌బుక్కు కొన్నారంటే మూడూ సగం సగం మిగులుతాయి.

పాప లెక్కల పుస్తకంలో 14 పాఠాలున్నాయనుకోండి. మనకున్నవి 31 వారాలు. పాఠానికి రెండు వారాల చొప్పున 28, ఇంకా మూడు మిగిలాయి. ఆ మూడూ భిన్నాలు, దశాంశాల పాఠాలకు ఇవ్వండి. జూన్ చూపుల్లో పాప ఇప్పటికే బాగా చేసిన పాఠం ఏదైనా ఉంటే దానికి రెండు రోజులు చాలు. పాఠాల పక్కన తేదీలు రాయకండి, ‘1వ వారం, 2వ వారం’ అని అంకెలే రాయండి. మధ్యలో జ్వరం వచ్చి వారం పోతే అంకె అలాగే ఉంటుంది, తేదీ మాత్రం వెక్కిరిస్తుంది.

ఇలా విడివిడిగా లెక్క కట్టాల్సినవి లెక్కలు, చదవడం, రాయడం. సైన్సు, సోషల్, కథలు, పద్యాలు ఇద్దరికీ కలిపి చెప్పేయొచ్చు. ఒకే విషయం ఇద్దరికీ చెప్పండి, పని మాత్రం వయసును బట్టి ఇవ్వండి. బాబు బొమ్మ గీసి పేర్లు రాస్తాడు, పాప కారణాలతో అరపేజీ రాస్తుంది. ఇద్దరికీ వేర్వేరు సైన్సు పెట్టుకున్న ఇంట్లో దసరాకి అమ్మ గొంతు పోతుంది.

నెలకు ఒక విషయం చాలు, అదీ బయట జరుగుతున్నదానికి దగ్గరగా ఉంటే మీ శ్రమ సగం తగ్గుతుంది. మృగశిర కార్తెలో తొలకరి పడగానే మట్టి, విత్తనాలు, కప్పలు. కుండీలో కందులు, పెసలు, మొక్కజొన్న నాటి రోజూ స్కేలుతో కొలిపించండి, అదే లెక్కల్లో గ్రాఫు పాఠం. ఆగస్టులో దోమలు: నిలిచిన నీళ్లలో లార్వాలు చూపించండి, ఆ తర్వాత పారబోయడం మర్చిపోకండి. కార్తికం ఆకాశానిది. వానలు తగ్గి మబ్బు విడుస్తుంది. పున్నమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకు ఆ పేరు. 2026లో కార్తిక పౌర్ణమి నవంబరు 24. ఆ రోజు వెన్నెల వెలుగుకి కృత్తికలు సరిగ్గా కనబడవు, రెండు మూడు వారాలాగి చంద్రుడు లేని రాత్రి మేడ మీదికి తీసుకెళ్లండి. గుంపుగా ఉన్న ఆ నక్షత్రాలు ఎన్ని కనిపిస్తున్నాయో ఒక్కొక్కర్నీ విడిగా లెక్కపెట్టమనండి. మార్గశిరం, పుష్యం పేర్లు ఎలా వచ్చాయో పిల్లలే అడుగుతారు. జనవరిలో పంట, ధాన్యం, ధరలు. మార్చిలో ఎండ, నీళ్లు, కుండలో నీళ్లు చల్లబడటం.

వారం, రోజు

ఎన్ని గంటలు చదివించాలి అనేది అందరూ అడిగే ప్రశ్న. విద్యాహక్కు చట్టం బడులకు పెట్టిన లెక్క చూడండి: ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు. అంటే రోజుకు నాలుగు, నాలుగున్నర గంటలు. అందులో హాజరు పిలవడం, లైన్లో నిలబడటం, నలభై మంది నోట్సులు దిద్దడం అన్నీ ఉన్నాయి. ఇంట్లో ఇద్దరే. ఏడేళ్ల బాబుకు పుస్తకం ముందు గంటన్నర, పదకొండేళ్ల పాపకు రెండున్నర నుంచి మూడు గంటలు చాలు. అంతకు మించి కూర్చోబెడితే కూర్చుంటారు, కానీ చదవరు.

సోమవారం నుంచి గురువారం దాకా పాఠాలు. శుక్రవారం బయటి పనులు, ప్రయోగాలు, లైబ్రరీ, వారంలో మిగిలినవి. శనివారం పొద్దున నాన్నది.

అమ్మ ఒక్కతే ఇద్దరికీ ఒకేసారి చెప్పలేదు కాబట్టి పొద్దుటి సమయాన్ని ఇలా పంచుకోవచ్చు:

7:45 – ఇద్దరూ కలిసి. ఒక పద్యం, ఆ నెల విషయం, కథ చదివి వినిపించడం.
8:30 – బాబు అమ్మతో లెక్కలు. పాప ఒంటరిగా చూచిరాత, నిన్నటి లెక్కల అభ్యాసం.
9:10 – బాబుకు ఆట. పాప అమ్మతో కొత్త లెక్క.
9:50 – బాబు తెలుగు చదవడం, పాప వింటుంది, తప్పులు చెబుతుంది. అమ్మ కుక్కర్ పెట్టుకుంటుంది.
10:15 – పాప ఇంగ్లిషు. బాబుకు ఇక సెలవు.
11:00 – అయిపోయింది.

ఈ టైములు మీ ఇంటి కుళాయి నీళ్లు, పనావిడ వచ్చే వేళ, మీటింగులు చూసుకుని జరుపుకోండి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులైతే పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, సాయంత్రం ఒక గంట పెట్టుకుని నడుపుతున్న ఇళ్లూ ఉన్నాయి. మధ్యాహ్నం మాత్రం వద్దు. భోజనం చేశాక చెప్పిన భిన్నాలు ఎవరికీ రాలేదు. మార్చి మధ్య నుంచి బడులకు ఒంటిపూట పెడతారు, మీరు కూడా గంట ముందుకు జరిపి ఏడింటికల్లా మొదలుపెట్టండి.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ‘పిల్లల్ని కాసేపు చూడండి’ అని కాకుండా ఒక సబ్జెక్టు అప్పగించండి. అమ్మమ్మకు పద్యాలు, పొడుపుకథలు, సూదీదారం. పచ్చడి పెట్టే రోజున కాయలు, కారం, ఉప్పు, ఆవపిండి పాళ్లు పాపతో రాయించి, రెట్టింపు కాయలకు ఎంతెంత కావాలో కట్టించమనండి. అది నిష్పత్తుల పాఠం, అమ్మమ్మకు ఆ పేరు చెప్పక్కర్లేదు. నాన్నకు కూడా తప్పనిసరిగా ఒక సబ్జెక్టు ఇవ్వండి. ఇవ్వకపోతే ఆయన సూపర్వైజర్ అయిపోయి, రాత్రి ఇంటికి రాగానే ‘ఇవాళ ఎంతవరకు అయింది?’ అంటూ తనిఖీ మొదలుపెడతాడు.

బయటికి తీసుకెళ్లే రోజులు

శుక్రవారం బయటికి అన్నాం కానీ, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారమే సెలవు. నాగార్జునకొండ, అమరావతి పురావస్తు మ్యూజియాలకూ శుక్రవారమే. హైదరాబాద్ జూ పార్కుకు, విశాఖ బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి సోమవారం. వెళ్లే వారం గురు, శుక్రవారాలు మార్చుకోండి. మామూలు రోజుల్లో రద్దీ లేకుండా చూడగలగడం ఇంటి చదువుకున్న పెద్ద లాభం, ఆదివారం వెళ్లి ఆ లాభం పోగొట్టుకోకండి.

పక్షుల కోసం గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, నెల్లూరు వైపు నేలపట్టు, వీటన్నిటికీ రెండో టర్ము సరైన కాలం. పోచంపల్లి మగ్గాలు ఎప్పుడైనా సరే. మార్చి దాటాక ఎండలో ఎక్కడికీ పెట్టుకోకండి. టర్ముకు రెండు పెద్ద ప్రయాణాలు చాలు. వెళ్లొచ్చిన మర్నాడు పాపతో ఒక పేజీ, బాబుతో ఒక బొమ్మ. ఆ రోజు వేరే చదువు వద్దు.

ఇక తోడు సంగతి. బడి మానాక పిల్లలకు పోయేది పాఠాలు కాదు, తోటి పిల్లలు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా క్లాసులేవీ పెట్టకండి, బడి పిల్లలు బయటికొచ్చే వేళ అదే.

ఏం జరిగిందో రాసుకోవడం

ప్లాన్ పుస్తకంలో జరగబోయేది రాస్తాం. దాంతోపాటు జరిగింది రాసే పుస్తకం ఇంకొకటి కావాలి, ఇదే ముఖ్యం. లాంగ్ నోట్‌బుక్కు ఒకటి తీసుకుని ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్కో బిడ్డకు నాలుగైదు పంక్తులు రాయండి: ఏ పాఠం, ఎన్నో అభ్యాసం దాకా, ఏ కథ చదివారు, ఎక్కడికి వెళ్లారు, ఏది రాలేదు. నెలకోసారి ఒక్కో సబ్జెక్టు నుంచి ఒక పేజీ తేదీ వేసి ఫైల్లో పెట్టండి. ఫోన్లో ఫొటోలు తీసి ఊరుకుంటే పెళ్లి ఫొటోల్లో కలిసిపోతాయి. రేపు బడిలో చేర్చాల్సి వస్తే హెడ్మాస్టరుకు చూపించేది ఈ ఫైలే. ‘ఏ స్కూలమ్మా?’ అని అడిగే చుట్టాలకు కూడా అప్పుడప్పుడు పనికొస్తుంది. పిల్లలకైతే ఆ ప్రశ్నకు ఒక జవాబు ముందే నేర్పండి: ‘ఇంట్లోనే చదువుకుంటున్నాను అత్తయ్యా, ఇప్పుడు భిన్నాలు చేస్తున్నాను.’ ఆ తర్వాతి ప్రశ్నలు మీ వైపు తిరుగుతాయి, అవి మీరు చూసుకోండి.

పదో తరగతి దగ్గరపడ్డాక

పన్నెండు, పదమూడేళ్లు వచ్చేదాకా పైన చెప్పినట్టు సాగొచ్చు. ఆ తర్వాత ప్లాన్ వెనక నుంచి గీయాలి, అంటే పరీక్ష తేదీ నుంచి ఇటు. మన పిల్లలకు ఎక్కువగా ఉన్న దారులు బడికి వెళ్లకుండా పరీక్ష రాయించే ఓపెన్ స్కూళ్లు: జాతీయ స్థాయిలో ఎన్ఐఓఎస్, తెలంగాణలో టాస్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఓఎస్ఎస్. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. కనీసం ఐదు సబ్జెక్టులు. ఎన్ఐఓఎస్‌లో 33 శాతానికి పాసు, తెలుగు ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. అక్కడి పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు.

ఇక్కడే ఇంట్లో చదివే పిల్లలకు గొప్ప వెసులుబాటు ఉంది. రెండు సబ్జెక్టులు ఒక విడతలో, మూడు తర్వాతి విడతలో రాయించండి. ముందు తేలికైనవి రాస్తే పరీక్ష హాలు, గంటల తరబడి కూర్చోవడం అలవాటవుతాయి. ఎన్ఐఓఎస్ ఏప్రిల్ పరీక్షకు అడ్మిషన్ మామూలుగా అంతకు ముందు ఏడాది మార్చి మధ్య నుంచి జూలై దాకా తీసుకుంటారు, అంటే పరీక్షకు తొమ్మిది నెలల ముందే కట్టాలి. ఈ ఒక్క తేదీ తప్పి ఆరు నెలలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో తేదీలు చూసి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయండి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి, వాటిని ఆఖరి రోజుకు వదలకండి. సైన్సు తీసుకుంటే ప్రాక్టికల్స్ స్టడీ సెంటర్లో చేయాలి, రిజిస్టర్ చేసేటప్పుడే ఇంటికి దగ్గర సెంటర్ ఎంచుకోండి.

ప్లాన్ తప్పినప్పుడు

తప్పుతుంది. అందుకే ఏది ముందు వదలాలో జూన్‌లోనే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే, రాసి పెట్టుకోండి. నేనైతే ఈ వరస చెబుతాను: ముందు ప్రాజెక్టులు, తర్వాత సోషల్, తర్వాత సైన్సు. లెక్కలు, చదవడం వదలొద్దు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేని రోజుకూ, చుట్టాలతో ఇల్లు నిండిన రోజుకూ ఒక ‘చిన్న రోజు’ పెట్టుకోండి: ఐదు లెక్కలు, రెండు పేజీలు చదవడం, ఐదు పంక్తులు రాయడం. ముప్పావు గంటలో అయిపోతుంది. అది కూడా చదివిన రోజు కిందే రాసుకోండి.

రెండు వారాల కన్నా ఎక్కువ వెనకబడితే రోజుకు రెండు పాఠాలు చెప్పి అందుకోవాలని చూడకండి. పాఠాలే తగ్గించండి. ఆ నాలుగు వాక్యాల కాగితం తీసి చూడండి, అందులో లేని పాఠం ఏదైనా సరే వచ్చే ఏడుకు జరపొచ్చు. నెల రోజులుగా ఒకే సబ్జెక్టు దగ్గర ఏడుపులు నడుస్తుంటే అది పుస్తకం తప్పో, వేళ తప్పో అయి ఉంటుంది. ముందు వేళ మార్చి చూడండి, ఖర్చులేని పని. అప్పటికీ కుదరకపోతే ఒక తరగతి కింది పుస్తకానికి దిగండి.

ప్రతి టర్ము చివరి వారం ఇద్దరు పెద్దవాళ్లూ కూర్చుని కాగితాన్నీ, జరిగింది రాసిన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి అరగంట మాట్లాడుకోండి. పిల్లల్ని కూడా అడగండి, ఏది బాగుంది, ఏది మానేద్దాం అని. ఏడేళ్ల వాళ్లు లెక్కలు మానేద్దాం అంటారు. పదకొండేళ్ల వాళ్లు నిజంగా పనికొచ్చేది చెబుతారు.

ఏప్రిల్ మూడో వారంలో నోట్‌బుక్కులన్నీ కట్టగట్టి, ఫైలు మూసి, కొత్త క్యాలెండర్ మీద వచ్చే ఏడాది మాసాలు గుర్తుపెట్టుకోండి. 2027 జూన్ చివర గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. రాజమండ్రి వైపు చుట్టాలున్నవాళ్లు జూన్ ఆఖరి వారం, జూలై మొదటి వారం ఖాళీ వారాలుగా ఇప్పుడే రాసేసుకోండి.